పరీక్షలయందు పరాకు



సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. తెలుగువాడుకలో ఆ మాటకే ఆపద యను అర్థము నిలిచినది. ఏమరుపాటే ఆపదయగుట ప్రవేశపరీక్షలయందు స్పష్టముగా కానవచ్చును.

వైద్యవిద్యకై 2025వ సంవత్సరమున జరిగిన నీట్ పరీక్షను జూడుడు. 180 ప్రశ్నలకు 180 నిమిషములు. సరియగు జవాబునకు 4 మార్కులు. తప్పునకు 1 మార్కు కోత. కావున తెలిసిన ప్రశ్నను పరాకున చెరుపుకొన్నవానికి నష్టము నాలుగు గాదు, అయిదు. అట్టివి పది జరిగినచో ఏబది మార్కులు పోవును. వానికై బిడ్డ యెన్ని రాత్రులు మేల్కొనెనో తల్లి యెరుగును.

ఇచ్చట నా లోపమొకటి మనవి చేసెదను. ఉపాధ్యాయుడనై చిరకాలము ఇట్టి తప్పుల ప్రక్క ఎఱ్ఱసిరాతో "అజాగ్రత్త" యని వ్రాసి యూరకుంటిని. రామశబ్దమునకు తృతీయావిభక్తి ద్వివచనరూప మడుగగా ఒక బాలుడు 'రామాభ్యామ్' అనుటకు మారుగా 'రామైః' అని బహువచనము వ్రాసెను. "అయ్యా, నాకు రెండును వచ్చును, ఎందుకిట్లు తప్పుచున్నానో చెప్పుడు" అని యడిగెను. వాని పాతకాగితములు తిరుగవేసితిని. ప్రతిపర్యాయమును ప్రశ్నను తుదివఱకు చదువకయే జవాబు మొదలిడినాడు. పరాకునకును ఒక అలవాటు గలదని నాకు నాడు తెలిసినది.

కావున విద్యార్థులారా, తప్పులకొక పుస్తకము పెట్టుకొనుడు. ప్రతి అభ్యాసపరీక్ష పిమ్మటను, ప్రశ్న సగమే చదివితినా, కొలమానము మార్చుట మరచితినా, ధనఋణచిహ్నములు తారుమారు చేసితినా యని వ్రాసికొనుడు. నెలతిరుగకమున్నే మీ తప్పు మీకు పట్టుబడును. "సరికానిది ఏది" యన్నచోట ఆ మాటక్రింద గీత గీయుడు. ఒక ప్రశ్నను విడిచితిరేని జవాబుపత్రమున దాని వరుసనుగూడ విడువుడు. లేనిచో తరువాతి జవాబులన్నియు స్థానము తప్పును. పెన్నుతో నింపిన వృత్తమును మార్చుటకు వీలుండదు. అయిదేసి ప్రశ్నలకొకసారి సంఖ్య సరిచూచుకొనుడు.

పోషకమహాశయులారా, పేదబిడ్డలకు పుస్తకములతోపాటు పాతప్రశ్నపత్రములను, నింపి నేర్చుకొనుటకు ఖాళీజవాబుపత్రములను ఇప్పింపుడు. తల్లిదండ్రులారా, మార్కులు తగ్గివచ్చిన బిడ్డను "శ్రద్ధలేనివాడ"వని దూషింపక, ప్రక్కను గూర్చుండి ఎచ్చట తప్పెనో యడుగుడు. నే నాలస్యముగా నేర్చిన పాఠమిది. మీరు తొందరగా నేర్తురుగాక.

స్వస్తి.