తాత వేలిముద్ర ఎవరి చేతిలో ఉంది?

 మొన్న యువజన శిబిరంలో మాట్లాడిన మాటలే ఇవి. రాలేకపోయిన అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నా. నేను డిగ్రీ చదివినోణ్నే కానీ లాయర్ని కాదు. అందుకే మా ఇంట్లో జరిగిన దాంతోనే మొదలుపెడతా.

మా తాత దినం నాడు చుట్టాలంతా ఇంకా పందిట్లోనే ఉన్నారు. సంతలో కొట్టు నడిపే గిరిజనేతర వ్యాపారి ఒకాయన వచ్చి మడతపెట్టిన కాగితం తీశాడు. "మీ నాయన నాకు రెండెకరాలు వీలునామా రాసిచ్చిండు" అన్నాడు. కింద తాత వేలిముద్ర ఉంది. మా నాన్న నవ్వేశాడు. "1/70 ఉంది కదా, ఈ కాగితం చెల్లదు, పో" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. మా ఇద్దరికీ తెలిసింది సగమే.

1/70 అని మనం పిలుచుకునేది 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మినా, కౌలుకిచ్చినా, తనఖా పెట్టినా, దానమిచ్చినా చెల్లదు. మన పెద్దలు కొట్లాడి నిలబెట్టుకున్న చట్టం అది. కానీ అందులో 'బదలాయింపు' అంటే ఏమిటో చెప్పేచోట ఒక చిన్న మాట ఉంది. వీలునామా ద్వారా రాసిచ్చేది బదలాయింపు కిందికి రాదని! నేను ఆ లైను మూడుసార్లు చదివాను. అన్ని తలుపులూ మూసి ఒక కిటికీ తెరిచి ఉంచినట్టుంది. అది మనకంటే వ్యాపారులకే ముందు తెలిసింది.

అలాగని చేతులెత్తేయొద్దు. వీలునామా నిలబడాలంటే దానికీ కొన్ని షరతులున్నాయి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసిన మనిషి సంతకమో వేలిముద్రో వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన వేలిముద్ర వేస్తుంటే వాళ్లు కళ్లారా చూడాలి, లేదా 'ఇది నాదే' అని ఆయన నోట వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే సంతకం పెట్టాలి. కోర్టుకు పోతే, బతికున్న సాక్షుల్లో ఒక్కరినైనా బోనెక్కించాలి. వీలునామా నిజమని రుజువు చేయాల్సింది దాన్ని తెచ్చినవాడే, మనం కాదు. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించాడంటే అది అనుమానించాల్సిన విషయమనీ, ఆ అనుమానం తీర్చే బాధ్యత అతనిదేననీ సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది.

మేం చేసింది ఒక్కటే, సాక్షుల్ని వెతికాం. ఒకడు ఆ కొట్లోనే పనిచేసే మనిషి. ఇంకొకాయన పక్కూరి పెద్దాయన. అడిగితే ఆయన తల దించుకుని, "మీ తాత ఆడ లేడు బిడ్డా. కొట్టుకాడ కాగితమిచ్చి సంతకం పెట్టమన్నరు, పెట్టిన" అన్నాడు. ఆ మాట పంచాయతీలో నలుగురి ముందు చెప్పించాం. ఆ వ్యాపారి ఇప్పటిదాకా కోర్టు మెట్లెక్కలేదు. భూమి మేమే దున్నుతున్నాం.

ఇంకో సంగతి. ముసలాయన బతికుండగానే డబ్బు చేతులు మారి, భూమి కూడా అవతలివాడి చేతికి పోయి, పైన మాత్రం 'వీలునామా' అని రాసి ఉంటే ఆ పేరుకు భయపడకండి. అది వీలునామా ముసుగేసుకున్న అమ్మకమని ఎస్‌డీసీ కోర్టులో వాదించండి. అమ్మకమైతే 1/70 పట్టుకుంటుంది.

రిజిస్టర్ చేయించిన వీలునామా అయితే ఇక అంతేనా అని ఒక తమ్ముడు అడిగాడు. కాదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించినంత మాత్రాన అబద్ధం నిజమూ కాదు. ప్రొబేట్ అనే మాట కూడా మీ చెవిన పడుతుంది. వీలునామా అసలుదే అని కోర్టు ముద్ర వేయడమే ప్రొబేట్. భూమి ఎవరిదో అది తేల్చదు. తాతకు తన వాటా మీదే హక్కు ఉంటుంది, అన్నదమ్ముల వాటా ఆయన రాయలేడు. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క.

ఇక నాకు ముఖ్యమైన సంగతి మా మేనత్తది. తాతను చివరి మూడేళ్లు చూసుకుంది ఆమే. పంపకాల్లో ఆమె పేరెత్తినోడు లేడు. "ఆడపిల్లకు మన ఆచారంలో లేదు" అన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, 2వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. కాబట్టి ఆచారమే దిక్కు అనుకుంటాం. కానీ 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కాకపోతే ఆమెకూ సమాన వాటా ఉంటుందని. ఆచారం ఉందన్నవాళ్లే దాన్ని చూపించాలి. మా ఇంట్లో ఎవరూ చూపించలేకపోయారు. "ఎప్పట్నుంచో ఇంతే" అనడం తప్ప.

ఆడపిల్లకిస్తే బయటివాడు పెళ్లి చేసుకుని ఆమె పేరు మీద భూమి నడిపిస్తాడన్న భయం నాకూ తెలుసు. అది ఒట్టి భయం కాదు, మన మండలాల్లో చూస్తున్నదే. కానీ అన్న తాగి భూమిని కౌలుకిచ్చేస్తే ఎవరూ అన్న వాటా కొయ్యరు. చెల్లెలి వాటా మాత్రం ముందే కోసేస్తారు. ఇదేం న్యాయం?

మరి పోడు పట్టాల సంగతి వేరు. 2006 అటవీహక్కుల చట్టం కింద వచ్చిన భూమిని అమ్మకూడదు, ఎవరికీ బదలాయించకూడదు. వారసులకే వస్తుంది. పెళ్లైనవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఇంటికి పోయి మీ పట్టా తీసి చూడండి. అమ్మ పేరుందా? లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, నాన్న పోయాక కాదు.

మనిషి పోయాక చేయాల్సినవి కూడా చెబుతా. గుట్టల మీద ఊళ్లలో చావు రాయించడమే ఉండదు. 21 రోజుల్లోపు రాయిస్తే రుసుం లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ కాగితం లేకుండా పాస్‌బుక్ మారదు, బ్యాంకు డబ్బు రాదు. తర్వాత తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకోవాలి. బ్యాంకులో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, యజమాని కాదు. అది వారసులందరిదీ. అప్పులోడు వస్తే, పోయినాయన వదిలిన ఆస్తి మేరకే మన బాధ్యత, మన కూలి డబ్బుల్లోంచి కట్టాల్సిన పని లేదు. లాయరుకు డబ్బుల్లేవంటారా? ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు.

ఈ సంక్రాంతికి మా నాన్న తన వీలునామా తానే చెప్పి రాయించుకున్నాడు. మా చెల్లికీ నాకూ సమానంగా. మేనత్తకు ఎకరం. సాక్షులు మా ఊరి పటేలూ అంగన్‌వాడీ అక్కా, ఇద్దరూ నాన్న ఎదురుగా కూర్చునే సంతకాలు పెట్టారు. నేనూ చెల్లీ ఆ గదిలో లేం, కావాలనే బయట కూర్చున్నాం. వచ్చే ఆదివారం మన ఊరి గుడిసెలో మళ్లీ కలుద్దాం. పాస్‌బుక్ జిరాక్సూ పోడు పట్టా తెచ్చుకోండి. ఇంట్లో ముసలాళ్లకు కూడా ఒక మాట చెప్పి రండి, చదివి వినిపించకుండా ఎవరిచ్చిన కాగితం మీదా వేలు పెట్టొద్దని.