మన అమ్మలు నడిచిన దారి

(సావిత్రిబాయి ఫూలే జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పంతుళ్ళం. మా ఇండ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. కానీ మేము చదివిన ఏ పుస్తకంలోనూ మా అమ్మలు కనబడలేదు. అందుకే ఈసారి పిల్లలకు ఒక పని అప్పజెప్పాం. సికింద్రాబాద్ చిలకలగూడ చుట్టుపక్కల మన ఆడవాళ్ళ చరిత్ర ఎక్కడెక్కడ ఉందో ఇంటింటా అడిగి, ఒక దారి గీయమన్నాం. ఆ దారిన జనాన్ని నడిపిస్తూ పిల్లలే కథ చెప్పాలి.

మొదటి మజిలీ తేలిగ్గానే దొరికింది. ఈశ్వరీబాయి (1918–1991) చిలకలగూడ మనిషి. పంతులమ్మ పని చేసి బిడ్డను సాకింది. ఇక్కడి నుంచే కౌన్సిలరైంది. 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున, 1972లో మళ్ళీ ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు పోయింది. మారేడ్‌పల్లిలో ఆమె విగ్రహం దగ్గర నడక ముగిద్దాం అన్నారు పిల్లలు.

అక్కడే పేచీ వచ్చింది. 1967లో ఆమె ఓడించింది ఎవరిని? టి.ఎన్. సదాలక్ష్మిని. సదాలక్ష్మమ్మ కూడా ఈ సికింద్రాబాద్ ఆడబిడ్డే, బొల్లారం ఆమెది. 1960లో శాసనసభ డిప్యూటీ స్పీకరైంది, దేవాదాయ శాఖ మంత్రిగానూ చేసింది. ఒకరు మాల, ఒకరు మాదిగ. "ఒక్కరి పేరు చాలు, లొల్లి ఎందుకు" అన్నారు కొందరు పెద్దలు. "బొల్లారం దూరం, నడవలేం" అన్నారు ఇంకొందరు. ఏడో తరగతి పిల్ల లేచి, "పేరు చెప్పనీకి దూరమేంది సార్?" అన్నది. మా తలలు వంగినయి. 1969 తెలంగాణ ఉద్యమంలో ఇద్దరూ నిలబడ్డవాళ్ళే కదా! ఇప్పుడు విగ్రహం దగ్గర ఇద్దరి కథా చెబుతున్నారు, పోటీ సంగతితో సహా.

రెండో పేచీ ఇంకా కష్టమైంది. ఒక పిల్ల నాయనమ్మ పాయఖానాలు ఎత్తిన మనిషి. ఆ గల్లీని కలపొద్దని పిల్ల ఏడ్చింది. మేము పోయి ఆ ముసలమ్మనే అడిగాం. "చీపురు రాయొద్దనను బిడ్డా. ఉత్త చీపురే రాయకుర్రి. జీతం కోసం ఆఫీసు ముందల కూసున్నది గూడ రాయుర్రి" అన్నది. ఆ పని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. ఆమె కూసున్నది వాటికంటే ముందే. ఇప్పుడు ఆ మజిలీలో నిలబడి చెప్పేది ఆ మనుమరాలే.

ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళారా, మా దగ్గర విగ్రహాల్లేవు అనుకోకండి. 1985 జూలైలో కారంచేడులో మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది మంచినీళ్ళ చెరువు దగ్గర. 1992లో దూబగుంట ఆడవాళ్ళు తిరగబడింది సొంత ఊరి సారా మీద. మీ వాడ బావి, మంత్రసాని ఇల్లు, కూలి పెంచమని నాట్లు ఆపిన మడి, ఇవన్నీ మజిలీలే. పెద్ద వయసు అమ్మలతో మొదలుపెట్టండి. వాళ్ళు ఒప్పుకున్నది రాయండి, వద్దన్నది వదిలేయండి. రాసింది వాళ్ళకే చదివి వినిపించండి. ఆ తర్వాత పిల్లలను ముందు పెట్టి, ఊరంతా వెనక నడవండి.

జై భీమ్!