ఒప్పందంలో లేని పని

వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు రెండూ నల్లమల కొండల కింద 18 కిలోమీటర్లకు పైగా సాగాయి. లోపల రాయి ఎక్కడ గట్టిదో, నీరు ఎక్కడ ఊరుతుందో ఒప్పందంలో పూర్తిగా రాయలేం. మార్కాపురంలో ఇల్లు కట్టినా అంతే. సబ్ కాంట్రాక్టరు వచ్చి "ఈ పని ఒప్పందంలో లేదండీ, అదనంగా ఇవ్వాలి" అంటే కసురుకోకండి, నోటిమాటగా సరే అనకండి. ఒప్పందం, డ్రాయింగు తీసి చూడండి. కొత్త పనే అయితే కొలత, రేటు, గడువు రాసుకుని, ఇద్దరూ సంతకాలు చేశాకే మొదలుపెట్టించండి.

రాత లేకుండా చేయించుకుంటే? 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా, ఒకరు చట్టబద్ధంగా చేసిన పనితో లాభపడినవారు పరిహారం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంపై బి.కె. మండల్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1961లో ఇదే చెప్పింది. గిద్దలూరైనా, కంభమైనా, కూలీలకు డబ్బు ఇవ్వాల్సింది ఆ సబ్ కాంట్రాక్టరే. అందుకే చేయించుకున్న పనికి బిల్లు ఆపకండి.