రంగులకు ముందు పరీక్ష



డెబ్బది అయిదేండ్ల ఉత్సవం అనగానే పాత భవనానికి రంగులు వేయించాలన్న ఉత్సాహం దాతలకు సహజంగానే కలుగుతుంది. అయితే సముద్రతీరపు కాంక్రీటు కట్టడానికి రంగు ఒక్కొక్కప్పుడు అపకారమే చేస్తుంది. స్లాబు అడుగున తేలిన తుప్పు మరకను, చువ్వ వెంట సాగిన సన్నని పగులును కప్పివేస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఆ స్లాబు కిందనే పసిపిల్లలు కూర్చుంటారు.

కట్టడాన్ని పగులగొట్టకుండా దాని స్థితిని తెలిపే సాధనాలలో రీబౌండ్ హేమరు మిక్కిలి ప్రసిద్ధం. స్విట్జర్లాండు ఇంజనీరు ఎర్నెస్ట్ ష్మిట్ దీనిని 1940ల చివరలో రూపొందించాడు. ప్లాస్టరింగు తొలగించి కాంక్రీటుపై దీనిని అదిమితే, లోపలి బరువు స్ప్రింగు బలంతో తాకి వెనుకకు ఎగురుతుంది. ఎంత ఎగిరినదో దానిని బట్టి ఉపరితలపు గట్టిదనం తెలుస్తుంది. ఉపరితలానిది మాత్రమే! పాత కాంక్రీటు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి పైపొరలో గట్టిపడుతుంది. అంకె ఎక్కువగా వస్తుంది, చూపించేవారికి సంతోషం కలుగుతుంది. ఈ పద్ధతితో కట్టిన బలం అంచనాలో 25 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చునని 1992 నాటి భారతీయ ప్రమాణమే హెచ్చరించింది.

లోపలి సంగతి తెలియాలంటే అతిధ్వని పరీక్ష అవసరం. స్తంభానికి ఒక పక్క నుండి పంపిన తరంగం ఎదుటి పక్కకు చేరే కాలాన్ని కొలుస్తారు. 300 మిల్లీమీటర్ల స్తంభాన్ని 75 మైక్రోసెకండ్లలో దాటితే వేగం సెకనుకు 4 కిలోమీటర్లు. 100 పడితే 3 కిలోమీటర్లే. పగులో డొల్లో అడ్డుపడితే తరంగం చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 3 కిలోమీటర్లకు తగ్గిన కాంక్రీటును 1992 ప్రమాణం సందేహాస్పదమన్నది.

ఈ రెండూ చువ్వ సంగతి చెప్పవు. కాంక్రీటులోని క్షారగుణమే ఇనుమునకు రక్ష. పాఠశాల ప్రయోగశాలలోని ఫినాఫ్తలీన్ ఇక్కడ పనికివస్తుంది: అప్పుడే చెక్కిన కాంక్రీటుపై చల్లితే క్షారం మిగిలినంత మేర గులాబీరంగు వస్తుంది, పోయినచోట రాదు. (చిన్న పెచ్చు తీయక తప్పదు, పిమ్మట పూడ్చివేయవచ్చు.) ఉప్పుగాలి సోకే ఊళ్లలో గులాబీరంగు కనబడినా నిశ్చింత తగదు. క్షారం ఉండగానే క్లోరైడు చువ్వను తినగలదు. దానికి హాఫ్‌సెల్ పరీక్ష వేరుగా ఉన్నది.

కనుక జూబిలీ నిధిలో తొలి ఖర్చు పరీక్షలకే కావలెను. నీరు నిలిచే డాబా మూలలు, వరండా అంచులు ముందు చూడవలసినవి. కొలత తీసిన ప్రతి చోటును భవనం పటంపై గుర్తించి పాఠశాల దస్త్రాలలో భద్రపరచాలి. మరల కొలిచేవారికి అది ఆధారం. నివేదిక చేతికి వచ్చేవరకు పెచ్చులూడిన గదిలో తరగతి నడపరాదు.