డాబా మీద కరెంటు

బెజవాడ ఎండను తిట్టుకోనివాళ్లు ఉండరు. ఆ ఎండే ఇప్పుడు కరెంటు బిల్లు తగ్గిస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద, డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. వాడగా మిగిలింది నెట్ మీటరు ద్వారా గ్రిడ్డుకు వెళ్లి బిల్లులో జమవుతుంది.

చిత్రమేమిటంటే, పలకకు కావలసింది వెలుతురే, వేడి కాదు. కాగేకొద్దీ దాని ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే పలకల కింద గాలాడేలా జాగా వదలాలి. దుమ్మును తెల్లవారుజామునే కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. రాత్రి ఏసీకి మాత్రం గ్రిడ్డే దిక్కు, అందులో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బొగ్గు కరెంటూ ఉంటుంది. పెట్టించే ముందు, పక్క అపార్టుమెంటు నీడ మీ డాబా మీద ఎంతసేపు ఉంటుందో ఓసారి చూసుకోండి.