న్యాయస్థానమున సృష్టివాదము

జీవరాశి యెట్లు పుట్టినదను ప్రశ్నకు న్యాయస్థానమున జవాబు దొరకునని యెవ్వరును తలంపరు. అయినను 2005లో అమెరికాయందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక న్యాయమూర్తి యీ వివాదమును ఆరు వారములు వినవలసివచ్చినది.

డోవర్ అను చిన్న యూరి పాఠశాలల పాలకమండలి 2004 అక్టోబరులో ఒక తీర్మానము చేసెను. దానిననుసరించి తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపింపవలెను: డార్విను సిద్ధాంతమున లోపములున్నవి, జీవులను ఒక బుద్ధిశాలి రచించెనను వాదమును గలదు, దానిని తెలుపు పుస్తకమొకటి చూడవచ్చును. శాస్త్రోపాధ్యాయులు చదువమనిరి. పాఠ్యవిషయమును తెలిసి తెలిసి వక్రముగా చెప్పుట తమ వృత్తిధర్మమునకు విరుద్ధమని వ్రాసియిచ్చిరి. అధికారులే తరగతికి వచ్చి చదివిపోయిరి. అంతకుమున్నే పదునొకండుగురు తలిదండ్రులు దావా వేసియుండిరి.

రచనావాదుల పక్షమున ముఖ్యసాక్షి మైకేల్ బీహీ యను జీవరసాయన శాస్త్రజ్ఞుడు. శరీరములోని రోగనిరోధక వ్యవస్థ ఎట్లు పరిణమించినదో విజ్ఞానము ఎన్నటికిని చెప్పజాలదని ఆయన 1996లో వ్రాసెను. ప్రతిపక్ష న్యాయవాది ఆ విషయముపై వెలువడిన 58 పరిశోధన వ్యాసములను, తొమ్మిది గ్రంథములను ఆయన యెదుట పేర్చెను. అవి చాలవని బీహీ సమాధానము. చాలవనుట సులభమే. కాని తన వాదమునకు ఆయనయే యొక పరీక్షను సూచించియుండెను: తోకవంటి చలనాంగము లేని సూక్ష్మజీవులను పెంచి, అది తనంతట పుట్టునేమో చూడవలెనని. మీరు చేసి చూచితిరా యని యడుగగా, లేదనెను.

అంతకంటె విచిత్రమైన సాక్ష్యము ఆ పుస్తకపు చిత్తుప్రతులలో దొరకెను. ప్రభుత్వ పాఠశాలలలో సృష్టివాదమును బోధింపజేయు శాసనము చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ పిమ్మట ప్రతులలో ‘సృష్టివాదులు’ అనియున్న చోటులందెల్ల ‘రచనావాదులు’ వచ్చి చేరిరి. ఒకచోట పాతమాట పూర్తిగా చెరుగక, క్రొత్తమాటకు ఇరుప్రక్కల ముక్కలుగా మిగిలిపోయి, ఏ నిఘంటువునందును లేని పదమొకటి పుట్టెను. రెండు జాతుల నడిమి శిలాజమును చూపుడని సవాలుచేయువారి సొంత పుస్తకముననే అట్టి శిలాజము బయటపడుట చూచి మేము నవ్వాపుకొనలేకపోతిమి.

డిసెంబరు 20న న్యాయమూర్తి జోన్స్ 139 పుటల తీర్పునిచ్చెను. అది విజ్ఞానశాస్త్రము కాదనెను. దేవుడు లేడని మాత్రము అనలేదు. పరిణామ సిద్ధాంతమునకు దైవవిశ్వాసముతో వైరము లేదనియే వ్రాసెను. మనలోను కొందరు దశావతారములలో డార్వినును చూతురు. మత్స్యము, కూర్మము, వరాహము ఆ వరుసలో వచ్చుట ముచ్చటయే. కాని పోతనగారిని సాక్షిబోనులో నిలుపుట ఆయనకు గౌరవమని మాకు తోచదు.

తీర్పు రాకమునుపే, నవంబరు ఎన్నికలలో డోవరు ప్రజలు పోటీచేసిన పాతసభ్యులనందరిని ఓడించిరి. వాదులకీయవలసిన పదిలక్షల డాలర్లకు మించిన ఖర్చు మాత్రము ఆ తీర్మానముతో సంబంధము లేని క్రొత్తమండలి నెత్తిన పడినది.