కేకు మీద పూసే పువ్వు



ఈ రోజు మనం ముచ్చటించుకోబోయేది పేస్ట్రీ స్కూల్లో చేరిన అమ్మాయి నేర్చుకునే అలంకరణ విద్య గురించి. "కేకు మీద నాలుగు పువ్వులు పెట్టడం కూడా ఒక చదువేనా? దానికి మళ్ళీ ఫీజు కట్టాలా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. తుర్కయంజాల్‌లోనో, వనస్థలిపురంలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇంటర్మీడియెట్ పూర్తిచేసిన ఆడపిల్ల "నేను బేకరీ కోర్సులో చేరతానమ్మా" అంటే ఇంట్లో మొట్టమొదట లేచే ప్రశ్న ఇదే. జవాబు చెప్పేముందు ఆ పిల్ల అక్కడ ఏం నేర్చుకుంటుందో తెలుసుకోవడం న్యాయం కదా!

ముందుగా ఒక మాట. తినే వస్తువును అందంగా తీర్చడం మనకి కొత్త కాదు. పెళ్ళి సారెలో పంచదార చిలకలు పెట్టని వారెవరు? పాకం సరిగ్గా కుదిరిన క్షణంలో చెక్క అచ్చులో పోసి, చిలక ముక్కు విరగకుండా తీయడం ఎంత నేర్పుతో కూడిన పని! తెలంగాణాలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు చూడండి. కోనసీమ జిల్లాలో ఆత్రేయపురం స్త్రీలు బోర్లించిన వేడి కుండ మీద పలచని రేకు తీసి చుట్టే పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక బతుకమ్మ మాట చెప్పనే అక్కరలేదు. కింద వెడల్పుగా మొదలుపెట్టి, వరస మీద వరస పేరుస్తూ, లోపల ఆకులు నింపి, పైకి పోయేకొద్దీ సన్నగా తేల్చే ఆ పనితనమే అంతస్తుల కేకు కట్టడంలోనూ వుంది. లోపలి బలం సరిగ్గా లేకపోతే బతుకమ్మ ఒరుగుతుంది, కేకూ ఒరుగుతుంది.

బేకరీ కూడా మన నగరానికి పాత చుట్టమే. దేశ విభజన తరవాత సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ ప్రారంభించారు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ల సంగతి మీకందరికీ తెలిసిందే. అయితే చాలా కాలం ఈ బేకరీ పొయ్యిల దగ్గర పనిచేసింది ఎక్కువగా మగవాళ్ళే. పనిలో చేరినవాడు చూసి నేర్చుకోవలసిందే తప్ప, కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ 1972 నాటిది. బేగంపేటలోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా 1996లో వచ్చింది. ఇలాంటి చోట్ల వంట ఒక శాస్త్రంగా, పాఠంగా మారింది. పాఠంగా మారిన తరవాత ఆడపిల్లలకు తలుపు తెరుచుకుంది.

పై దేశాల్లోనూ ఇదే వరస. ఫ్రాన్సులో 1833లో చనిపోయిన కరేమ్ అనే ప్రసిద్ధ వంటవాడు గ్రంథాలయానికి వెళ్ళి, పాత కట్టడాల బొమ్మలు చూసి, వాటిని పంచదారతో కట్టేవాడు. 1840లో ఇంగ్లండులో విక్టోరియా రాణి పెళ్ళి కేకును తెల్లని పంచదార పూతతో అలంకరించారు. గుడ్డు తెల్లసొన, మెత్తని పంచదార పొడి కలిపి చేసే ఆ పూతకి "రాయల్ ఐసింగ్" అన్న పేరు అలాగే స్థిరపడిందంటారు. 1929లో అమెరికాలోని షికాగోలో విల్టన్ అనే ఆయన తన ఇంట్లోనే కేకు అలంకరణ తరగతులు మొదలుపెట్టాడు. ఈనాటికీ మన బేగంబజారులో నాజిల్ కొనడానికి వెళితే వినబడే నంబర్లు ఆ విల్టన్ వరసవే. గులాబీ రేకుకి 104, ఆకుకి 352, పెద్ద నక్షత్రానికి 1ఎం.

ఇక తరగతిలోకి పోదాం. అలంకరణ అనగానే పువ్వులతో మొదలుపెడతారనుకుంటాం. కాదు. మొదటి పాఠం చదును. పొంగిన కేకు నెత్తిని రంపపు కత్తితో సమంగా కోయాలి. తరవాత టర్న్‌టేబుల్ అనే తిరిగే పీట మీద పెట్టి, పలచగా క్రీము రాసి, ఫ్రిజ్‌లో వుంచాలి. దీన్ని క్రంబ్ కోట్ అంటారు. రాలే పొడి అంతా ఈ మొదటి పూతలో అంటుకుపోతుంది. ఆ తరవాత రెండో పూత శుభ్రంగా నిలుస్తుంది. గోడకి సున్నం వేసేముందు లప్పం పెట్టినట్టన్నమాట. ఎంతమంది పిల్లలు ఈ చదును దగ్గరే వారం రోజులు తంటాలు పడతారో! పీట ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేతిలో స్క్రేపర్ కదలకుండా నిలపాలి. కదలవలసింది కేకు, కదలకూడనిది చెయ్యి. ఈ ఒక్క సూత్రం వంటబట్టితే సగం విద్య వచ్చినట్టే.

తరవాత పైపింగ్ బ్యాగ్. ముగ్గు వేసే మీ చెయ్యి దీనికి ఎప్పుడో తయారైవుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి ఎంత వదలాలో ఎవరైనా మనకి కొలిచి చెప్పారా? ఇక్కడా అంతే. బ్యాగ్‌ని సగానికి మించి నింపకూడదు, పైన మెలిపెట్టి పట్టుకోవాలి. నొక్కడం, ఆపడం, ఎత్తడం, ఈ మూడూ ఆ వరసలోనే జరగాలి. నొక్కుతూనే ఎత్తితే తోక సాగుతుంది. నక్షత్రం చుక్కకి బ్యాగ్ నిటారుగా పట్టాలి, గవ్వలాంటి అంచుకి 45 డిగ్రీలు వాల్చాలి. గులాబీకి 104 నాజిల్ వెడల్పు కొస కిందికీ, సన్న కొస పైకీ వుండాలి. ముందు మధ్యలో మొగ్గ. దాని చుట్టూ మూడు రేకులు, ఆ చుట్టూ అయిదు, ఆపైన ఏడు. ప్రతి రేకూ ముందు రేకు చంకలోంచి పుట్టినట్టు మొదలుకావాలి. వందో గులాబీ నాటికి గానీ మొదటిది ఎంత అష్టావక్రంగా వచ్చిందో పిల్లకి అర్థం కాదు.

ఇంట్లో అభ్యాసానికి వెన్న, క్రీము తగలెయ్యక్కరలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు జల్లెడలో మెత్తగా రుద్ది, కాస్త పాలు కలిపి బ్యాగ్‌లో నింపితే చక్కగా పువ్వులు పడతాయి. స్టీలు పళ్ళెం వెనక్కి తిప్పి దానిమీద వేస్తూ, మళ్ళీ గీకి నింపుకుంటూ గంటసేపు సాధన చేయవచ్చు. చేతులూ సామానూ శుభ్రంగా వుంచుకుంటే, సాయంత్రానికి ఆ గులాబీలే కట్‌లెట్లు అవుతాయి!

మరో సంగతి. ఏ బేకరీలోనైనా కేకు మీద రాత ఎక్కువగా ఇంగ్లీషులోనే కనిపిస్తుంది. తెలుగులో రాయమంటే తడబడతారు. నిజానికి మన లిపి గుండ్రని లిపి, క్రీము తాడుకి గుండ్రదనమే సుఖం. చిక్కల్లా వత్తుల దగ్గరే. "పుట్టినరోజు" అని రాస్తే ట కింద వత్తుకి చోటు కావాలి. అందుకని ముందు టూత్‌పిక్‌తో రెండు సన్నని గీతలు గీసుకుని, వరసకీ వరసకీ మధ్య ఒక అక్షరం ఎత్తు ఖాళీ వదలాలి. కరిగించిన చాక్లెట్‌తో బటర్ పేపర్ మీద పదిసార్లు రాసి, ఆ తరవాత కేకు మీద చెయ్యి పెట్టాలి. అమ్మమ్మ షష్టిపూర్తికి తెలుగులో పేరు రాసిన కేకు వస్తే ఆమె ముఖం ఎలా వెలుగుతుందో మీరే ఊహించుకోండి. ఈ ఒక్క నేర్పూ వున్న పిల్లకి పనికి లోటుండదని నా నమ్మకం.

పంచదార, చాక్లెట్ల పాఠంలో థర్మామీటర్ ప్రవేశిస్తుంది. మనం వేళ్ళ మధ్య పట్టి చూసే పాకాలనే అక్కడ డిగ్రీల్లో కొలుస్తారు. ఉండపాకం సుమారు 115 డిగ్రీలు. గాజులా ఫెళ్ళున విరిగే ముదురుపాకం 150 దగ్గర. దాన్ని లాగి రిబ్బన్లు, పూలరేకులు చేస్తారు. చేతికి తొడుగులు లేకుండా ఆ పని తలపెట్టకూడదు, పాకం కాలితే నీటి కాలుడులాంటిది కాదు, చర్మానికి అంటుకుపోతుంది. నల్ల చాక్లెట్‌ని 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్ళీ 31, 32కి తెస్తే అద్దంలా మెరుస్తుంది, విరిస్తే టప్పుమంటుంది. ఈ లెక్క తప్పితే పైన బూడిద చారలు కడుతుంది.

మన ఊరి ఎండ మరో గురువు. అసలు వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో హైదరాబాదు 40 దాటడం కద్దు. ఇంగ్లీషు పుస్తకంలో "గది వేడిమిలో వుంచండి" అని రాసివుంటే, ఆ గది మనది కాదన్నమాట! అందుకే ఇక్కడ వేసవిలో క్రీము గిన్నెని ఐసు నీళ్ళలో పెట్టి గిలకొడతారు, పువ్వులు వేసి వెంటనే ఫ్రిజ్‌లో పెడతారు. వానాకాలంలో ఇంకో బాధ. పంచదారకి చెమ్మని పీల్చే గుణం వుంది. ఫాండెంట్ పూత వేసిన కేకు ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమర్చి, రంగులు కారతాయి. తుర్కయంజాల్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా బస్సులో ఎల్.బి.నగర్ చేరి, అక్కడ మెట్రో ఎక్కే విద్యార్థిని తన పనిని ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాలంటే ఇవన్నీ లెక్క వేసుకోవాలి. ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చాక రాకపోకలు తేలికైన మాట నిజమే. కానీ స్టేషన్ దాకా వున్న గతుకులు కేకుకి తెలుస్తాయి.

ఇప్పుడు తల్లులు శ్రద్ధగా వినవలసిన సంగతి. అలంకరణ కంటికి అందం, కానీ అది కడుపులోకి పోయేది. ఈ మధ్య కేకుల మీద నిజం పువ్వులు పెట్టడం వేడుకైంది. గన్నేరు, పచ్చగన్నేరు విషం. అవి కేకు దరిదాపులకి రాకూడదు. బజారు గులాబీల మీద పురుగుమందు వుండవచ్చు, కనుక వాటి కాడని నేరుగా కేకులో గుచ్చకూడదు. మెరుపుల పొడి డబ్బా మీద "విషం కాదు" అని వుంటే చాలదు, "తినదగినది" అని వుండాలి. రంగుల మీద ఆహార భద్రత సంస్థ వారి 14 అంకెల నంబరు చూసి కొనాలి. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే బట్టలద్దే రంగు బయటపడి, 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ఆ మిఠాయినే నిషేధించింది. పచ్చి తెల్లసొన పూత బదులు మెరింగ్ పౌడర్ వాడడం క్షేమం. గమ్ పేస్ట్ పువ్వుల్లో తీగలుంటాయి, చిన్నపిల్లల పుట్టినరోజైతే కోసేముందు అవి లెక్కపెట్టి తీసేయాలి. మంచి స్కూలు గులాబీతో పాటు ఈ భయభక్తులు కూడా నేర్పుతుంది.

మరి మంచి స్కూలని ఎలా పోల్చుకోవడం? ఫీజు కట్టేముందు ఒక తరగతి చూస్తామని అడగండి. టీచరుగారు చేస్తుంటే అందరూ ఫోనులో ఫొటోలు తీసుకుంటున్నారా, లేక ప్రతి పిల్ల చేతిలోనూ బ్యాగ్ వుందా? ఒక బల్లకి ఎంతమంది? వెన్న, చాక్లెట్ ఖర్చు ఫీజులో కలిసివుందా, విడిగానా? ఇచ్చే సర్టిఫికెట్ ఎవరి పేరు మీద? రెండు రోజుల్లో పది రకాల కేకులు నేర్పుతామన్న చోటికన్నా, ఒక్క గులాబీని వందసార్లు వేయించే చోటు మేలు. ఇంకొకటి కూడా పిల్లకి ముందే చెప్పాలి. ఇది రోజంతా నిలబడి చేసే పని. మణికట్టు నొప్పి పుడుతుంది. హోటల్లో చేరితే తెల్లవారుజాము డ్యూటీలు, పండగపూట డ్యూటీలు వుంటాయి. అందరి వేడుకా మనకి పనిదినం. అది తెలిసి ఇష్టపడితేనే చేరాలి.

చివరిగా, అన్నిటికన్నా కష్టమైన పాఠం ఏ స్కూలూ పూర్తిగా నేర్పదు. అది తన పనికి వెల కట్టుకోవడం. ఇంట్లో కేకులు చేసి అమ్మాలన్నా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం తెచ్చుకున్న పిల్ల కూడా, పిన్నిగారు "మైదా, పంచదార ఖరీదెంతవుతుందే, ఆ డబ్బు ఇస్తానులే" అంటే తల వంచుకుంటుంది. పిండి ఖరీదు పిన్నిగారికి కనిపించింది. మూడు గంటలు నిలబడి వేసిన నలభై గులాబీల ఖరీదు కనిపించలేదు. ఎందుకంటే ఆడవాళ్ళ చేతిపనికి వెల వుంటుందని మనకే ఇంకా పూర్తిగా నమ్మకం లేదు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది, సాయంత్రం కోసిన కేకు అరగంటలో అయిపోతుంది. మిగలని పనికి డబ్బేమిటి అనుకుంటాం. కానీ డాక్టరుగారి మాటా మిగలదు, దర్జీ కొలత తీసిన పదినిమిషాలూ మిగలవు. వాటికి ఇస్తున్నాం కదా!

కాబట్టి సామాను ఖర్చు, కరెంటు, పెట్టె, రవాణా, తన గంటలు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో విడివిడిగా రాసుకోవడం మొదటి ఆర్డరు నుంచే అలవాటు చేయండి. బంధువులకి తగ్గించి ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు. తగ్గించిందెంతో ఆ పుస్తకంలో రాసి, అప్పుడు ఇవ్వాలి. ఇచ్చేది మనమని మనకి తెలియాలి.

మీ అమ్మాయి "బేకరీ కోర్సు" అన్నప్పుడు, లేదా నలభయ్యో ఏట మీకే ఆ కోరిక కలిగినప్పుడు, "వంటపనికి ఫీజా?" అన్న మాట నోటిదాకా వస్తే ఒక్క క్షణం ఆపండి. ముందు రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఒక నాజిల్ కొనిచ్చి, ఆ గులాబీ వేయించి చూడండి. పదిరోజుల తరవాత కూడా ఆ చెయ్యి విసుక్కోకుండా మొదటి రేకు దగ్గరికే తిరిగి వస్తుంటే, ఆ ఫీజు కట్టదగినదే.